సర్దారు సైకిలు, మా మేనత్త

మా మేనత్త పోయింది. పొద్దున్నే బా టౌనులో నేను పనిచేసే బస్సుల గారేజీ తలుపు తీస్తుంటే మా ఊరివైపు నుంచి వచ్చే బస్సు ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "మీ అత్త ఖతం. ఇంటికి పో" అని చెప్పి గేరు మార్చుకుని వెళ్ళిపోయాడు. బస్సులో ఉన్నవాళ్ళంతా నేను ఏడుస్తానేమోనని మెడలు తిప్పి చూశారు. ఏడవలేదు. ఆమె ఉంటే ఆ డ్రైవరును మెచ్చుకునేది. చెప్పాల్సిన ముక్క చెప్పి బండి టైముకు నడిపాడని.

ఈ పత్రిక నడిపే పెద్దలు నాలుగు మాటలు రాసి పంపమన్నారు. "పోయినావిడ గురించి కదా, మంచిగా రాయి. దయగల తల్లి అని రాయి, చాలు" అన్నారు. రాయను. ఆమెకు దయ లేదు. ఉందని రాస్తే ఆమెను ఎరిగినవాళ్ళు నవ్వుతారు, ఎరగనివాళ్ళు మోసపోతారు. నేను ఆమెకు రుణపడి ఉన్నాను. ఆ సంగతి అబద్ధం ఆడకుండా కూడా చెప్పొచ్చు.

ఆమె మా నాన్నకు అక్క. మొగుడు చిన్నప్పుడే పోతే తమ్ముడి ఇంటికి వచ్చి, ఆ రోజు నుంచి ఇల్లు తనదే అన్నట్టు ఏలింది. మా అమ్మ పొయ్యి దగ్గర ఉప్పు వెయ్యాలన్నా ఆమె వైపు చూసేది. నాకు తెలుగు అక్షరాలు వచ్చాయంటే ఆమె వల్లే. ఈ దీవుల్లో పుట్టిన మా ఈడు తెలుగు పిల్లలంతా హిందీలోనే ఆడుకుని హిందీలోనే తిట్టుకునేవాళ్ళు. ఈమె మాత్రం నన్ను వరండాలో కూర్చోబెట్టి, ఇండియా నుంచి వచ్చిన పంతులు దగ్గర తాను చిన్నప్పుడు నేర్చుకున్న అక్షరాలను బియ్యం మీద దిద్దించేది. తప్పు రాస్తే గరిటె కాడతో మణికట్టు మీద కొట్టేది. ఒప్పు రాస్తే ఏమీ అనేది కాదు. అదే మెప్పు.

తర్వాత నేను కరపత్రాలు చదవడం మొదలుపెట్టాను. హిందీవి, ఇంగ్లీషువి, ఎక్కడన్నా దొరికితే తెలుగువి. లోకంలో ఎవడు ఎవడి చెమట తాగుతున్నాడో వాటిల్లో ఉండేది. కూరగాయలు తరుగుతూ ఆమె పైకి చదవమనేది. చదివితే అర్థం గురించి అడిగేది కాదు. ఒత్తులు సరిచేసేది. అంతా విని, "బాగానే ఉండాది. ఈ కాగితాలు చదివి చదివి నీకు నోరు పెరిగింది, చేతులు కుంచించుకుపోయినాయి. ఆ కొడవలి తీసుకుని గడ్డి కోసుకురాపో" అనేది.

ఊళ్ళో ఆమెకు ఇంకో పేరుంది. పాత పద్ధతులు తెలిసినావిడ. సీమంతమైనా, గృహప్రవేశమైనా, ఎవరన్నా పోయినా, మనవాళ్ళు వచ్చి అడిగేది ఆమెనే. చెరుకు తోటల కూలికి ఇండియా నుంచి ఓడలో వచ్చిన ముసలివాళ్ళు ఒక్కొక్కరే పోయారు, వాళ్ళతోపాటే సగం పద్ధతులూ పోయాయి. మిగిలిన సగం కోసం మా వరండాలో చెప్పులు విడిచేవాళ్ళు. ఒక పెళ్ళిలో తలంబ్రాల బియ్యం ముందు ఎవరు పొయ్యాలని రెండు వైపులవాళ్ళూ తగువు పడుతుంటే ఈమె లేచి, "పిల్ల. మా అమ్మ ఇట్లాగే చెప్పేది" అంది. తగువు అయిపోయింది. ఆమె నోటి వెంట 'నాకు తెలీదు' అన్న మాట నేను అప్పటిదాకా వినలేదు.

ఇక సైకిలు సంగతి. ఆమెను తలచుకోవాలంటే నాకు ఇదొక్కటే దారి.

స్వాతంత్ర్యం వచ్చాక మొదటి కోత సీజను. మా పక్క పొలాల చెరుకంతా కోసే గ్యాంగుకు ఒక పెద్ద ఉంటాడు. మేం సర్దారు అంటాం. ఎవరి చెరుకు ముందు, ఎవరిది వెనక అనేది అతని నోట్లో ఉంటుంది. తెలుగింటివాడే, కానీ నోటికి వచ్చేది హిందీయే. అతనికి ఒక పాత సైకిలుంది. జెండా మారినప్పుడు ఆ ఉత్సాహంలో అతను ఆ సైకిలుకు కొత్త జెండా రంగు వేశాడు. లేత నీలం. ఇంటి తలుపులకు వేసే ఆయిలు పెయింటు, తానే కుంచె పట్టుకుని, రెండు పూతలు. దాని మీద ఊరేగినట్టు తిరిగేవాడు.

నేను ఊరుకోలేదు. గ్యాంగు మీటింగులో అందరి ముందూ అన్నాను: "తెల్లవాడి జెండా దించినాం, సర్దారు సైకిలుకు రంగేసినాం. కింద ఇనుము పాతదే. ముందు కోత ఎవరిదో ఇప్పటికీ చుట్టాలను బట్టే." జనం నవ్వారు. సర్దారు నవ్వలేదు.

కొన్నాళ్ళకు ఆ నీలం రంగు బొబ్బలెక్కింది. హ్యాండిలు కింద, సీటు కింద, నడిమి గొట్టం మీద పెయింటు ఉబ్బి, మెత్తబడి, పొరలు పొరలుగా ఊడింది. చీలికల్లో ఎర్రటి చారలు. అప్పటికే నేను బాలో బస్సుల గారేజీలో బ్యాటరీలకు ఛార్జింగు పెట్టే పనిలో ఉన్నాను. ఇంకేం కావాలి? బ్యాటరీ యాసిడ్డు పోశాడన్నారు. సర్దారు మా గుమ్మం దాకా వచ్చి, "ఈ కామ్ తుమ్హార్ హై" అన్నాడు, ఇది నీ పనే అని. సైకిలు మీద కాదు, దేశం మీద పోశావన్నాడు.

నేను కాదన్నాను. అరిచాను. యాసిడ్డయితే ముందు రిమ్ముల మీద క్రోము మాడుతుంది, చైను తుప్పు పడుతుంది, అవి రెండూ తళతళలాడుతున్నాయి చూసుకోమన్నాను. గ్యాంగులో ఒకడు పళ్ళికిలించి, "ఎంత బాగా తెలుసో చూడండి. తెలిసినోడే గదా పోసేది" అన్నాడు. అంతా నవ్వారు. నిజం చెప్పడానికి నాకున్న ఒకే ఒక్క తెలివి నా మెడకే ఉరితాడైంది.

సరిగ్గా అప్పుడే మా చెరుకు కాలింది. పక్క పొలంలో ఆకు తగలబెడుతుంటే గాలి తిరిగి మా తోటలోకి మంట వచ్చింది. కాలిన చెరుకు ఆగదు. వెంటనే కోసి మిల్లుకు పంపాలి, లేకపోతే లోపల రసం పులిసిపోతుంది, మిల్లు తీసుకోదు. ఏడాది పంట అది. సర్దారు కబురు పంపాడు. నేను గ్యాంగు ముందు తప్పు ఒప్పుకుని అతని కాళ్ళు పట్టుకుంటే కోస్తారట. లేకపోతే వరసలో మా వంతు వచ్చినప్పుడు కోస్తారట. వరసలో మేం చివర.

మా నాన్న నా ఎదురుగా కూర్చుని, "చేసినావా లేదా నాకు అక్కర్లేదు. ఒప్పుకో" అన్నాడు.

"చెయ్యనిది ఎట్లా ఒప్పుకుంటాను?"

"నోటితో. నీకు నోరే గదా ఉండేది."

మా అమ్మ ఏడుస్తూ నా చొక్కా ఉతికి ఆరేసింది, కాళ్ళు పట్టుకోవడానికి పోయేటప్పుడు శుభ్రంగా ఉండాలని. మేనత్త మాత్రం మొదట విన్నప్పుడు నవ్వింది. "నువ్వు యాసిడ్డు పోసేటంత మొగోడివయితే నేనెప్పుడో హారతి పట్టుండేదాన్ని" అంది. తర్వాత ఎందుకో ఆగి, "మచ్చలు ఎక్కడెక్కడ ఉండాయి?" అని అడిగింది. చెప్పాను. అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం నేను ఆ ఉతికిన చొక్కా తొడుక్కోను పొమ్మని గొడవ పడుతుంటే, ఆమె చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని గుమ్మం దిగింది. "కాళ్ళు పట్టుకోవద్దు. పట్టుకుంటే అదే నిజమైపోతాది. నా వెనకాల రా. నోరు తెరిచావంటే పళ్ళు రాలగొడతాను" అంది.

సర్దారు ఇంటి పక్క రేకుల పంచలో గ్యాంగువాళ్ళు చాప మీద కూర్చుని యంగోనా, వేరు దంచి నీళ్ళలో పిసికిన మత్తు నీళ్ళు, తాగుతున్నారు. కొబ్బరి చిప్ప చేతులు మారుతోంది. ఆడవాళ్ళు ఆ చాప దగ్గరికి రారు. ఈమె చాప అంచు తొక్కి నిలబడి, సైకిలు ఎండలోకి తెమ్మంది.

"మగాళ్ళ పంచాయితీలో నీకేం పని అక్కా" అన్నాడు సర్దారు.

"మీరు చూడటం అయిపోయింది గదా. ఇప్పుడు కళ్ళున్నోళ్ళు చూస్తారు."

ఒకరిద్దరు నవ్వారు. సైకిలు వచ్చింది. నన్ను పట్టుకోమంది. "గట్టిగా పట్టుకో. పడేసినావంటే అది కూడా నీ పనే అంటారు."

గోటితో ఒక బొబ్బ గీకింది. పెయింటు పెళుసుగా రాలలేదు. తడి సబ్బు మాదిరి జారుతూ వచ్చింది. కింద ఇనుము తోమిన పళ్ళెంలా మెరిసింది. "యాసిడ్డయితే ఈ ఇనుము తినేసి ఉండాల. ఇది చూడండి, నా మొహం కనిపిస్తా ఉండాది."

"ఆ ఎర్రగా ఉండేది తుప్పు కాదా?" అన్నాడు చాప మీద నుంచి ఒకడు.

ఆమె జవాబు చెప్పకుండా సర్దారు ఇంటివైపు తిరిగి కేకేసింది. "వదినా, ఒక నిమ్మకాయ కోసుకురా."

సర్దారు భార్య. నేను పిన్ని అని పిలిచేవాణ్ణి. ఊళ్ళో మా మేనత్తకు ఉన్న ఒకే ఒక్క నేస్తం. మధ్యాహ్నాలు ఇద్దరూ మా వరండాలో చేటలు ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరేవాళ్ళు. మా మేనత్త ఎవరినన్నా ఆడిపోసుకుంటుంటే ఆ పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆమె పెరట్లో చెట్టుకు నిమ్మకాయ తెంపి, రెండు చెక్కలు చేసి, తానే తెచ్చి ఇచ్చింది.

మా మేనత్త ఒక చెక్కను ఎర్ర చార మీద పిండింది. చార పసుపు పచ్చగా మారింది. ఇంకో చోట పిండింది. అక్కడా పసుపే.

"తుప్పు ఇట్లా మారతాదా? ఇది పసుపు. సున్నం తగిలి ఎర్రబడింది, పులుపు తగలంగానే మళ్ళీ పసుపైంది. మిల్లులో చెరుకు రసానికి వేసే సున్నం ఇది. మనందరి ఇళ్ళల్లో ఉండేది అదే గదా. ఆయిలు పెయింటులో నూనె ఉంటాది. సున్నం నూనెను తినేసి సబ్బు చేస్తాది. ఇనుము జోలికి పోదు." ఆమె వేలు గొట్టం మీద కిందికి జరిగింది. "విసిరినోడయితే ఒక పక్కనే పడాల. ఇది రెండు పక్కలా ఒక్కటే ఎత్తున ఉండాది. ఇదిగో, వేళ్ళ జాడలు. ఎవరో నెమ్మదిగా, ముద్దుగా తుడిచినారు. శత్రువు తుడుస్తాడా సర్దారూ? నీ మీద కోపం ఉన్నోడి పని కాదిది. నీ మీద ప్రేమ ఉన్నోళ్ళ పని."

గ్యాంగు మొత్తం ఇంటి గుమ్మం వైపు తిరిగింది. పిన్ని చేతిలో నిమ్మకాయ కోసిన కత్తి అట్లాగే ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి వదినా?"

"ఆయన కల్వర్టు దగ్గర సైకిలు మీది నుంచి పడి భుజం విరిగినప్పటి నుంచి" అంది పిన్ని. గొంతు వినిపించీ వినిపించనట్టు ఉంది. "మంగళవారం మంగళవారం. ఆయన లేవకముందే. అందరి కళ్ళూ దాని మీదే ఉంటాయి గదా."

"ఎర్ర నీళ్ళు దిష్టి తిప్పి నాలుగు దార్లు కలిసే చోట పారబొయ్యాల. బండికి పూస్తారా ఎవరన్నా?"

పిన్ని మా మేనత్తను చూసింది. ఆ చూపు నాకు బాగా గుర్తు. సిగ్గుపడుతోందనుకున్నాను. "నాకు తెలీదు. తప్పయింది" అంది.

అప్పుడు మొదలైంది నవ్వు. దేశద్రోహి సర్దారు ఇంట్లోనే ఉందన్నాడొకడు. జెండాకు పెళ్ళాం దిష్టి తీసిందన్నాడు ఇంకొకడు. సర్దారు లేచి, పగిలిన సీసా పెంకొకటి తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పడేసి, "గీకు" అన్నాడు. ఆమె నేల మీద కూర్చుని, అందరూ చూస్తుండగా, తన మొగుడు రెండు పూతలు వేసిన ఆ రంగు గీకడం మొదలుపెట్టింది. నీలం పొట్టు చీర మీద రాలుతోంది. వేలు తెగింది. గీకుతూనే ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక ఆడమనిషిని ఇట్లా చెయ్యడానికేనా మనం స్వతంత్రులమైంది అని అరవబోయాను. మా మేనత్త మోచేత్తో నా డొక్కలో పొడిచింది. సర్దారు చిప్ప నింపి ఆమెకు ఇచ్చాడు. అందుకుంది. ఒక్క గుక్కలో తాగి, మూతి తుడుచుకుని, "మా చెరుకు?" అంది.

"రేపు పొద్దున" అన్నాడు సర్దారు.

దారిలో నేను ఆగలేదు. అందరి ముందూ ఎందుకు చెప్పావు, సర్దారును పక్కకు పిలిచి చెప్పొచ్చు కదా, ఆమె నీ నేస్తం కాదా అని అడిగాను.

"పక్కకు పిలిచి చెబితే పక్కకే పోతాడు. బయటికొచ్చి నువ్వే పోసినావంటాడు. నీ చెరుకు కొయ్యాలా వద్దా?"

"నీకు జాలి లేదా అత్తా?"

"నాకు జాలి రాదురా. పని వస్తాది. నిజం కావాలని ఊరంతా అరిచినావు గదా, తీసుకో. బరువుగా ఉంటే కింద పెట్టేసి నడు."

చెరుకు కోశారు. మిల్లు తీసుకుంది. మా నాన్న నాతో మాట్లాడటానికి కొంత కాలం పట్టింది, నాకు అతనితో మాట్లాడటానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. పిన్ని మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. మధ్యాహ్నాలు మా మేనత్త ఒక్కతే బియ్యం ఏరుకునేది. సర్దారు ఇంటి ముందునుంచి పోయేటప్పుడు తల తిప్పేది కాదు. ఆ తర్వాత ఎవరన్నా పాత పద్ధతి అడగడానికి వస్తే, "నాకు తెలీదు. గుళ్ళో పూజారిని అడుగు పో" అనేది. ముసలితనం వచ్చి మరిచిపోతోందనుకున్నాం.

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. నన్ను నలుగురి ముందూ నిలబెట్టి, నా మీద పడ్డ మచ్చ నిమ్మచెక్కతో తుడిచిన మనిషి అని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. ఈ వ్యాసం అక్కడితో ఆపి ఉంటే పెద్దలు కూడా సంతోషించేవాళ్ళు.

గారేజీ నుంచి నేను ఇంటికి చేరేసరికి ఆమెను వరండాలో దించి ఉంచారు. స్నానం ఎవరు చేయించాలని ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారు. బతికుండగా ఆమె తిట్టని మనిషి లేదక్కడ. అప్పుడు చెరుకు గట్టు మీది నుంచి పిన్ని వచ్చింది. ఎవరూ పిలవలేదు. ఎవరినీ పలకరించలేదు. "జరగండి" అని, చీర అడ్డం కట్టించి, తానే నీళ్ళు పోసింది. ఆ తర్వాత కొత్త చీర కట్టి, తల తన ఒళ్ళో పెట్టుకుని చిక్కు తియ్యడానికి కూర్చుంది. నన్ను నూనె గిన్నె తెమ్మంది. తెచ్చి ఇచ్చి నిలబడ్డాను.

దువ్వెన లాగే తీరు చూస్తే భయం వేసింది. బతికున్న మనిషయితే కేక పెట్టేది. లాగుతూ శవంతో మాట్లాడింది. మామూలు గొంతుతోనే, మధ్యాహ్నం బియ్యం ఏరుతూ మాట్లాడినట్టు.

"నువ్వే గదా వదినా చెప్పినావు, పారబొయ్యటం కాదు, బండికి తుడవాలని. మా అమ్మ ఇట్లాగే చేసేది అన్నావు గదా. తుడిచినాను. సున్నం ఎంత వెయ్యాలో కూడా నువ్వే చెప్పినావు. అంతమంది ముందు నాకేమీ తెలీదన్నట్టు నన్నే అడిగినావే."

మా అమ్మ గోడ వైపు తిరిగింది. నా చేతిలో ఇంకా నూనె మూత ఉంది. "ఆ రోజే ఎందుకు చెప్పలేదు పిన్నీ?" అన్నాను.

ఆమె నా వైపు చూడకుండానే, "చెబితే ఏమంటారు? పిల్లోడు యాసిడ్డు పొయ్యకపోతే అత్త సున్నం పూయించింది, పనయితే ఆ ఇంటిదే అంటారు. మీ చెరుకు చేలోనే పులిసిపోయేది. ఈమెకు అది తెలుసు. నేను చెప్పనని కూడా తెలుసు. అందుకే నిలబెట్టి అడిగింది" అంది. ఇంకో చిక్కు విడదీసి, "ఆ రాత్రి ఆయన కొట్టినప్పుడు కూడా చెప్పలేదు" అంది.

నేను చదివిన ఏ కరపత్రంలోనూ దీనికి మాట లేదు. తెలీక చెప్పింది మా మేనత్త. తెలిసి పిన్నిని నలుగురిలో నిలబెట్టింది. మా ఏడాది తిండి ఆ పిన్ని మూసుకున్న నోట్లోంచి వచ్చింది. బతికున్నన్నాళ్ళూ మా మేనత్త ఆ ఇంటివైపు తల ఎందుకు తిప్పలేదో, అడిగినవాళ్ళకల్లా తెలీదని ఎందుకు చెప్పిందో ఇప్పుడు తెలిసింది. అది పశ్చాత్తాపమని నేను రాయను. ఆమె ఒక్కసారైనా గట్టు దాటి వెళ్ళి ఉండొచ్చు. వెళ్ళలేదు. నాకు అక్షరాలు ఇచ్చిన మనిషి గురించి ఆ అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. ఆమె ఉంటే ఒత్తులు సరిచేసి, అర్థం గురించి ఏమీ అనకుండా వెళ్ళిపోయేది.

బయట మగవాళ్ళు ఎత్తుదామని తొందరపెడుతున్నారు. పిన్ని వినిపించుకోలేదు. పాపిట తీసి, ముడి వేసి, అరచేత్తో అదిమింది. దువ్వెనకు చుట్టుకున్న తెల్ల వెంట్రుకలను ఒక్కొక్కటే లాగి, చూపుడు వేలికి చుట్టి, చిన్న ఉండ చేసింది. పారెయ్యడానికి అటూ ఇటూ చూసింది. వరండా నిండా కాళ్ళు. కాసేపు దాన్ని గుప్పిట్లోనే ఉంచుకుంది. తర్వాత తన కొంగు చివర పెట్టి, పళ్ళతో బిగించి ముడి వేసుకుని, "ఇంక ఎత్తండి" అంది.